అడగకముందే చూపించండి

మన ఊళ్ళో ఏ దుకాణంలోకైనా వెళ్ళి గల్లాపెట్టె వెనక గోడ చూడండి. లక్ష్మీదేవి పటం, దానికో పూలదండ, పక్కన షాపు మొదలుపెట్టిన పెద్దాయన ఫొటో, హోల్‌సేల్ వాళ్ళిచ్చిన క్యాలెండరు, ‘అరువు రేపు’ బోర్డు ఉంటాయి. యజమాని భక్తి, పెద్దల మీద గౌరవం, అప్పు విషయంలో పట్టుదల అన్నీ అక్కడే తెలిసిపోతాయి. చాలా చోట్ల కనిపించనిది ఒక్కటే, ఈ వ్యాపారం చెయ్యడానికి అనుమతి ఉందని చెప్పే కాగితం. అదెక్కడుందని అడిగితే ‘ఇంట్లో బీరువాలో భద్రంగా ఉందండీ’ అంటారు. లేదంటే ‘మా ఆడిటర్ గారి దగ్గరుంది’ అంటారు.

భద్రత కోసం దాచారు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ చాలా లైసెన్సుల షరతుల్లో మొదటి వరసలోనే ఉండే మాట, దీన్ని జనం కంటపడే చోట పెట్టమని. లైసెన్సు సంపాదించడంతో వ్యాపారి బాధ్యత సగమే తీరుతుంది. దాన్ని నలుగురికీ చూపించడం, చూపించినదాన్ని నిజంగా నిలబెట్టడం మిగతా సగం.

ఒకప్పుడు ఊళ్ళో అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకరికొకరు తెలుసు. కోమటి కొట్టు తూకం ఎలాంటిదో, ఏ వైద్యుడి చెయ్యి మంచిదో వాడకట్టు మొత్తానికీ తెలుసు. ఇవాళ మీ షాపుకి వచ్చేవాళ్ళలో సగం మంది పక్క కాలనీలో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు, బస్సు దిగి దారిలో ఆగినవాళ్ళు, ఫోన్లో అడ్రసు వెతుక్కుని వచ్చినవాళ్ళు. మీ నాన్నగారి పేరు వాళ్ళకు తెలియదు. మీరు ఎలాంటి మనిషో తెలుసుకునే వ్యవధి వాళ్ళకు లేదు. వాళ్ళకు మీ గురించి చెప్పగలిగేది ఆ గోడే.

ఈ అధ్యాయంలో ఏ కాగితం ఎక్కడ పెట్టాలో చెబుతాను. అంతకంటే ముఖ్యంగా, అడగకముందే చూపించే అలవాటు వ్యాపారిని ఎంత నిబ్బరంగా నిలబెడుతుందో చెబుతాను.

చూసి తెలుసుకోలేని సరుకు

చట్టం కొందరు వ్యాపారుల్ని ఎక్కువ చూపించమంటుంది, కొందరిని తక్కువ. ఇందులో ఒక క్రమం ఉంది. కొనేవాడు స్వయంగా పరీక్షించుకోలేని సరుకు ఏదైతే అమ్ముతున్నారో, అక్కడ చూపించాల్సినవి ఎక్కువ.

వంకాయ పుచ్చో కాదో తిప్పి చూస్తే తెలుస్తుంది. చీర నేత చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. కానీ జ్వరం మాత్రలో మందే ఉందో సుద్దే ఉందో నాలుక మీద పెట్టుకున్నా తెలియదు. పత్తి విత్తనం మంచిదో కాదో తెలియాలంటే రైతు ఒక పంటకాలం ఆగాలి. అప్పటికి దుక్కి ఖర్చు, ఎరువు, కూలీ, ఆ ఏటి వాన అన్నీ అయిపోయి ఉంటాయి. గొలుసులో బంగారం ఎంతో, రాగి ఎంతో ఇంటి ఆడవాళ్ళకు పాతికేళ్ళ తర్వాత కరిగించినప్పుడుగానీ తెలియదు. ఇలాంటి చోట్ల కొనేవాడి చేతిలో ఉన్న ఆధారం అమ్మేవాడి మాట ఒక్కటే. ఆ మాటకు వెనక ఒక శాఖ, ఒక నంబరు, ఒక గడువు, జవాబు చెప్పాల్సిన ఒక మనిషి ఉన్నారని గోడ మీది కాగితం చెబుతుంది.

ఇది మనసుకు ఎక్కితే నిబంధనలు బరువనిపించవు. మీ వ్యాపారంలో ఏ కాగితం ఎందుకు అడుగుతున్నారో మీకే అర్థమవుతుంది.

మందుల షాపు, క్లినిక్, స్కానింగ్ సెంటర్

మందుల షాపు లైసెన్సు ఫారం 20, ఫారం 21 చదివితే మొదటి షరతే ఇది: జనం వచ్చే భాగంలో, ప్రస్ఫుటంగా కనిపించే చోట లైసెన్సు ప్రదర్శించాలి. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. ఫార్మసిస్టు తన రిజిస్ట్రేషన్‌ని షాపులో కనిపించేలా పెట్టాలి. తెల్లకోటు వేసుకుని, పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జి పెట్టుకోవాలి. షాపు బోర్డు మీద ఏ మాట రాయాలో కూడా 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చెబుతాయి. ఫార్మసిస్టు అవసరం లేని లైసెన్సు ఉన్నవాళ్ళు ‘డ్రగ్ స్టోర్’ అనాలి. ఫార్మసిస్టు ఉండి, మందులు కలిపి తయారుచేసే ఏర్పాటు లేనివాళ్ళు ‘కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్’ అనాలి. ఆ ఏర్పాటు కూడా ఉంటేనే ‘ఫార్మసీ’. అంటే బోర్డు మీద పేరు కూడా ఒక హామీ. బాగుందనిపించిన మాట పెట్టుకునే వెసులుబాటు అక్కడ లేదు.

వైద్యులు తమ రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో పెట్టాలని, మందుల చీటీ మీద రాయాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతోంది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తెలంగాణలో అమల్లో ఉంది. దాని 18వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రాన్ని వచ్చే ప్రతి ఒక్కరికీ కనిపించేలా అతికించాలి. ఆ చట్టం కింది నిబంధనల ప్రకారం ఏ సేవకు ఎంత తీసుకుంటారో స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ రాసి పెట్టాలి. నొప్పితో వచ్చిన మనిషి ఖర్చెంతని అడగడానికి మొహమాటపడతాడు. ఆ మొహమాటాన్ని గోడ తీర్చేయాలన్నదే ఉద్దేశం.

స్కానింగ్ సెంటర్లలో పీసీపీఎన్‌డీటీ చట్టం కింది రిజిస్ట్రేషన్ పత్రం కనిపించేలా ఉండాలి. గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పడం నిషిద్ధమన్న బోర్డు ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలో ఉండాలి. ఈ బోర్డు ఒక ఆడపిల్ల ప్రాణానికి సంబంధించింది. దాన్ని తలుపు వెనక కర్టెన్ చాటున పెట్టినవాళ్ళు కాగితం పనిని పూర్తిచేశారు, బాధ్యతని వదిలేశారు.

విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు

గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్, కర్నూలు, ఎక్కడైనా జూన్ వచ్చిందంటే ఈ షాపుల ముందు రైతులే. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చిల్లర డీలరు ప్రతిరోజూ ఏ ఎరువు ఎంత నిల్వతో రోజు మొదలైందో, దాని ధర ఎంతో రాసి పెట్టాలి. 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు విత్తనాల డీలర్లను కూడా రోజువారీ నిల్వలు, ధరల పట్టిక ప్రదర్శించమంటుంది. పురుగుమందుల లైసెన్సు జనం వచ్చే చోట గోడ మీద ఉండాలి.

ఈ బోర్డు ఎప్పుడు పనికొస్తుందో యూరియా దొరక్క చెప్పులు వరసలో పెట్టి రైతులు నిలబడ్డ రోజుల్లో తెలుస్తుంది. ‘స్టాకు లేదు’ అని నోటితో చెబితే అనుమానం పుడుతుంది. పొద్దున్నే షాపు తెరవగానే ఎన్ని బస్తాలున్నాయో రాసిపెట్టిన డీలరుకు మధ్యాహ్నం గొడవపడే అవసరం తక్కువ. కాబట్టి ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకు నా సలహా: చాక్‌పీసుతో రాసే ఆ బోర్డుని రోజూ బోణీ కంటే ముందు రాయండి. పాత తేదీతో ఉన్న బోర్డు, బోర్డు లేకపోవడం కంటే ఎక్కువ అనుమానం తెస్తుంది.

బంగారం, భూమి

హాల్‌మార్క్ నగలు అమ్మే దుకాణం తన బీఐఎస్ రిజిస్ట్రేషన్‌ని కనిపించేలా పెట్టాలి. కొనేవాళ్ళు ముద్ర చూసుకోవడానికి కనీసం పదింతలు పెద్దగా చూపించే భూతద్దం అందుబాటులో ఉంచాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ముద్ర తప్పనిసరి అయింది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే వివరాలు వస్తాయి. మంచి వ్యాపారి ఆ భూతద్దాన్ని సొరుగులో దాచడు, కౌంటరు మీద పెడతాడు. ‘చూసుకోండమ్మా’ అని తనే చేతికిస్తాడు.

స్థలాలు, ఫ్లాట్ల వ్యాపారంలో రెరా చట్టం ప్రకారం ఏజెంటు తన రిజిస్ట్రేషన్ నంబరును తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ ఉటంకించాలి. ప్రాజెక్టు ప్రకటనల్లో రెరా వెబ్‌సైట్ చిరునామా ప్రముఖంగా ఉండాలి. ఒక కుటుంబం జీవితకాలపు పొదుపు మీ మాట మీద పెడుతోంది. విజిటింగ్ కార్డు మీద మీ ఫొటో కంటే ఆ నంబరు పెద్దగా ఉండడం న్యాయం.

తినే వస్తువులు

టిఫిన్ సెంటర్, మిఠాయి దుకాణం, బేకరీ, కర్రీ పాయింట్, పానీపూరీ బండి, అన్నీ ఆహార భద్రత చట్టం పరిధిలోవే. లైసెన్సు ఉన్నవాళ్ళు దాని నకలును ఎల్లవేళలా ప్రముఖంగా కనిపించే చోట పెట్టాలి. చిన్న వ్యాపారులకిచ్చే రిజిస్ట్రేషన్ విషయంలో నిబంధన ఇంకా స్పష్టంగా ఉంది. షాపయితే షాపులో, వాహనమైతే వాహనంలో, తోపుడు బండయితే బండి మీద పెట్టాలి. లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరుకు 14 అంకెలుంటాయి. 2022 జనవరి 1 నుంచి బిల్లుల మీద కూడా దాన్ని ముద్రించాలి.

ఇక్కడ ఒక ఆచరణాత్మకమైన ఇబ్బంది ఉంది. దోశ పెనం పక్కన పెట్టిన కాగితం నెల తిరక్కుండా నూనె జిడ్డుతో పసుపు రంగుకు తిరుగుతుంది. నంబరు కనిపించదు. కాబట్టి పొయ్యికి దూరంగా, డబ్బు తీసుకునే చోట, కొనేవాడి కళ్ళ ఎత్తున పెట్టండి. బండి మీద వ్యాపారమైతే నకలును వాన తగలని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ముందు వైపు అద్దానికి కట్టండి. వీధి వ్యాపారులకు 2014 చట్టం కింద ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు కూడా రోజూ దగ్గరుంచుకోండి. బండి తీసేయమని ఎవరైనా గట్టిగా అడిగిన రోజున మీ తరఫున ముందుగా మాట్లాడేది ఆ కార్డే.

ఏ వ్యాపారమైనా ఉండాల్సినవి

వ్యాపారం ఏదైనా దాదాపు అందరికీ తగిలే నిబంధనలు కొన్ని ఉన్నాయి.

*జీఎస్టీ.* 2017 నాటి సీజీఎస్టీ నిబంధనల్లో 18వది రెండు వేర్వేరు పనులు చెప్పింది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లోపల ప్రముఖమైన చోట పెట్టాలి. జీఎస్టీ నంబరు బయట ప్రవేశం దగ్గరున్న పేరు బోర్డు మీద రాయాలి. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు, లేదా బోర్డు మీద రాయించి సర్టిఫికెట్ ఫైల్లో ఉంచుతారు. పైగా ఇవి రిజిస్ట్రేషన్‌లో చూపిన ప్రతి చోటుకూ వర్తిస్తాయి. ఊరి చివర ఉన్న గోడౌన్‌కు బోర్డెందుకని అనుకోకండి. దాన్ని అదనపు వ్యాపార స్థలంగా నమోదు చేయించి ఉంటే అక్కడా సర్టిఫికెట్, నంబరు ఉండాలి.

ఆ 15 అక్షరాల నంబరును ఎలా చదవాలో తెలుసుకోండి. మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. తర్వాతి పది, వ్యాపారి పాన్ నంబరు. బోర్డు పెయింటర్ ఒక్క అక్షరం తప్పు రాసినా అది ఇంకెవరి నంబరో అవుతుంది, లేదా ఎవరిదీ కాకుండా పోతుంది. రంగు ఆరకముందే సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి.

చిన్న వ్యాపారుల కోసం జీఎస్టీలో ఉన్న కాంపోజిషన్ పథకం ఎంచుకున్నవాళ్ళు ఆ సంగతి కూడా బోర్డు మీద రాయాలి. బిల్లు పైన తాము కాంపోజిషన్ కింద ఉన్నామని, పన్ను వసూలు చేసే అర్హత లేదని ముద్రించాలి. ఈ పథకంలో ఉండి బిల్లులో విడిగా జీఎస్టీ కలపడం తప్పు. బోర్డూ బిల్లూ ఒకే మాట చెప్పాలి.

*షాపుల చట్టం.* 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింది రిజిస్ట్రేషన్ పత్రాన్ని ప్రముఖంగా ప్రదర్శించాలి. దాని కింద 1990లో వచ్చిన నిబంధనలు షాపు పేరు బోర్డు తెలుగులో ఉండాలని, వేరే భాషలు రాస్తే అవి తెలుగు కింద ఉండాలని చెబుతాయి. కొత్త బోర్డు చేయించేటప్పుడు ముందే గుర్తుపెట్టుకుంటే మళ్ళీ డబ్బు పోసి మార్పించే అవసరం రాదు. కంపెనీగా నమోదైన వ్యాపారమైతే 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ప్రతి కార్యాలయం బయట, ఆ ప్రాంతంలో వాడే భాషలో కూడా రాయాలి.

*తూకం.* కాటా వాడే ప్రతి షాపులో తూనికలు, కొలతల శాఖ ఇచ్చిన ధ్రువీకరణ పత్రం కనిపించాలి. తిరుగుతూ అమ్మేవాళ్ళు దాన్ని దగ్గర ఉంచుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటాకు 12 నెలలకోసారి, తూకం రాళ్ళకు 24 నెలలకోసారి ముద్ర వేయించుకోవాలి. మధ్యలో కాటా పాడై రిపేరు చేయించినా మళ్ళీ పరీక్ష తప్పదు. కిరాణా కొట్టుకు ఏ సర్టిఫికెట్ కంటే ఇదే ప్రాణం. గ్రాము తేడా రాదని నిరూపించే కాగితం ఉండి కూడా దాన్ని గోడకు పెట్టని వ్యాపారి తన నిజాయితీని తనే దాచుకుంటున్నాడు.

వీటితోపాటు మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు ఉంటుంది. దాని షరతులు ఒక్కసారి చివరిదాకా చదవండి. సిగరెట్లు, పొగాకు అమ్మే చోట 18 ఏళ్ళలోపు వాళ్ళకు అమ్మడం నేరమన్న బోర్డు ఉండాలి. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం కింది ఫిర్యాదుల కమిటీ వివరాలు, శిక్షల వివరాలు సిబ్బందికి కనిపించే చోట పెట్టాలి. ఆ చివరిది కొనేవాళ్ళ కోసం కాదు. మీ దగ్గర పనిచేసే అమ్మాయి రోజూ నీళ్ళు తాగే చోటో, సంతకం పెట్టే చోటో ఉండాలి.

ఎలా పెట్టాలి

గోడను మూడు భాగాలుగా అనుకోండి. బయట బోర్డు మీద పేరు, జీఎస్టీ నంబరు. లోపలికి రాగానే కళ్ళకు ఎదురయ్యే చోట లైసెన్సులు. కౌంటరు దగ్గర ధరలు, తూకం పత్రం, ఫిర్యాదు చెయ్యాల్సిన చోటు.

కాగితం అడుగు భాగం కొనేవాడి భుజం ఎత్తు కంటే కిందికి రాకుండా, పై అంచు చెయ్యి చాపితే అందేంత ఎత్తు దాటకుండా పెట్టండి. ఫ్యాన్ పైన, అట్టపెట్టెల వెనక పెట్టిన లైసెన్సు ‘ప్రముఖంగా కనిపించే చోటు’ అనిపించుకోదు. ఎండ పడే గోడ మీద ఇంకు వెలిసిపోతుంది. నకలు చాలుననే చోట నకలే పెట్టి, అసలును ఫైల్లో ఉంచండి. జీఎస్టీ సర్టిఫికెట్ పోర్టల్ నుంచే డౌన్‌లోడ్ అవుతుంది కాబట్టి ఎన్ని ప్రింట్లయినా తీసుకోవచ్చు. అసలు లైసెన్సే పెట్టాల్సిన చోట అద్దం ఫ్రేము కట్టించండి. లామినేషన్ చేయిస్తే తర్వాత అధికారి దాని మీద ఏదైనా రాయాల్సి వస్తే కష్టం.

ఏవి పెట్టకూడదో కూడా తెలియాలి. ఆధార్ కార్డు, పాన్ కార్డు జిరాక్సులు, అద్దె అగ్రిమెంటు, బ్యాంకు కాగితాలు గోడకెక్కించకండి. నిజాయితీకి వాటి అవసరం లేదు, మోసగాళ్ళకు మాత్రం అవి పనికొస్తాయి.

అన్నిటికంటే పెద్ద తప్పు, గడువు తీరిన లైసెన్సునూ, మూసేసిన పాత వ్యాపారం నంబరునూ, మరొకరి లైసెన్సునూ అలాగే వేలాడదీయడం. కాగితం లేకపోవడం లోపం. అబద్ధపు కాగితం పెట్టడం మోసం. రిజిస్ట్రేషన్ రద్దయిన రోజే దాన్ని గోడ మీంచి దించండి.

గోడ లేని వ్యాపారం

ఇంట్లో ఆవకాయ, గోంగూర పెట్టి వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకునే ఆడవాళ్ళు ఇవాళ ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అమెరికాలో ఉన్న కొడుకుల దాకా ఆ సీసాలు వెళుతున్నాయి. ఈ వ్యాపారానికి షాపు గోడ ఉండదు కాబట్టి సీసా మీది లేబులే గోడ. ఆహార భద్రత సంస్థ గుర్తు, లైసెన్సు నంబరు, తయారీదారు పేరూ చిరునామా, వాడిన పదార్థాలు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, శాకాహారమైతే ఆ ఆకుపచ్చ గుర్తు అన్నీ దాని మీద ఉండాలి. ఆర్డరు తీసుకునే పేజీలో కూడా మీ రిజిస్ట్రేషన్ నంబరు ముందు వరసలో రాయండి. ఆన్‌లైన్ వేదికల మీద అమ్మేవాళ్ళు తమ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదు తీసుకునే మనిషి వివరాలు ఇవ్వాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ముఖం చూడకుండా డబ్బు పంపే మనిషికి ఇది కనీస గౌరవం.

తనిఖీకి వచ్చినప్పుడు

చాలామంది చిన్న వ్యాపారులకు జీపు ఆగిన చప్పుడు వింటేనే గుండె దడ. ఆ దడలోంచే చెయ్యి తడిపే అలవాటు పుడుతుంది. కాగితాలన్నీ గోడ మీదుంటే ఆ దడ చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే వెతుక్కోవాల్సిందేమీ ఉండదు.

అధికారి వస్తే మర్యాదగా కూర్చోబెట్టండి. గుర్తింపు కార్డు చూపించమని అడగండి. జీఎస్టీ చట్టం 67వ సెక్షన్ కింద తనిఖీకి వచ్చే అధికారి దగ్గర, జాయింట్ కమిషనర్ హోదాకు తగ్గని అధికారి ఇచ్చిన రాతపూర్వక అనుమతి ఉండాలి. అది అడగడం ఎదురు తిరగడం కాదు. చూపించాల్సిన బాధ్యత రెండు వైపులా ఉంది. మీ వైపు మీరు నెరవేర్చి ఉంటే ఆ మాట అడగడానికి గొంతు పెగులుతుంది.

ప్రదర్శించని తప్పుకు జీఎస్టీ చట్టంలో ప్రత్యేక జరిమానా లేదు కాబట్టి 125వ సెక్షన్ వర్తిస్తుంది. కేంద్ర చట్టం కింద 25,000 రూపాయల దాకా, రాష్ట్ర చట్టం కింద మరో 25,000 దాకా పడవచ్చు. అయితే పక్కనే ఉన్న 126వ సెక్షన్ కూడా చదవండి. మోసపు ఉద్దేశం లేని, తేలిగ్గా సరిదిద్దుకోగల చిన్న లోపాలకు జరిమానా వెయ్యకూడదని, వ్యాపారి వాదన వినకుండా అసలే వెయ్యకూడదని అది చెబుతోంది. లోపం చూపిస్తే వెంటనే సరిచెయ్యండి, తేదీ కనిపించేలా ఫొటో తీయండి, రాతపూర్వకంగా జవాబివ్వండి. నోటితో చేసుకున్న సర్దుబాటుకు ఆధారం ఉండదు. కాగితం మీద ఇచ్చిన జవాబు ఎప్పటికీ ఉంటుంది.

మీరూ కొనేవారే

మీరు సరుకు తెచ్చే హోల్‌సేల్ షాపు గోడ కూడా చదవండి. వాళ్ళ జీఎస్టీ నంబరును పోర్టల్‌లో కొట్టి చూస్తే పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందో రద్దయిందో, మామూలు పథకమో కాంపోజిషనో తెలుస్తాయి. సరఫరాదారు పన్ను కట్టకపోతే మీకు రావాల్సిన ఇన్‌పుట్ క్రెడిట్ చిక్కుల్లో పడుతుంది. ఇతరుల బోర్డు చదవడం అలవాటైతే మీ బోర్డులో ఏం లోపించిందో కూడా కనబడుతుంది.

ఈ వారం పని

మొదటి రోజు: ఫైళ్ళు, బీరువా, ఆడిటర్ ఆఫీసు అన్నీ వెతికి మీ లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు ఒక బల్ల మీద పరచండి. ప్రతిదాని వెనకా ఉన్న షరతులు చదవండి. ‘ప్రదర్శించాలి’ అన్న మాట ఉన్నవన్నీ ఒక పక్కకు తీయండి.

రెండో రోజు: ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు గీయండి. లైసెన్సు పేరు, నంబరు, గడువు తేదీ, ఏ శాఖ. గడువుకు రెండు నెలల ముందు తేదీని ఫోన్లో అలారంగా పెట్టండి.

మూడో రోజు: కాగితాల్లో పేరు, చిరునామా, భాగస్వాముల వివరాలు ఇప్పటి వాస్తవంతో సరిపోతున్నాయో చూడండి. జీఎస్టీలో మార్పు జరిగిన 15 రోజుల్లోగా సవరణకు దరఖాస్తు చేయాలి. షాపు పక్క వీధికి మారినా అది మార్పే.

నాలుగో రోజు: ఫ్రేములు కట్టించండి, బోర్డు పెయింటర్‌ని పిలవండి. గోడౌన్‌ను మరవకండి.

అయిదో రోజు: కాటా పత్రం గడువు చూసి, దగ్గర పడితే ముద్రకు దరఖాస్తు పెట్టండి. బిల్లు పుస్తకం మీద ఉండాల్సిన నంబర్లు సరిచూడండి.

ఆరో రోజు: పనివాళ్ళను కూర్చోబెట్టి ఒక్కో కాగితం ఏమిటో, ఎందుకో చెప్పండి. మీరు లేనప్పుడు ఎవరైనా అడిగితే ‘ఓనర్ రావాలి’ అనకుండా ‘ఇదిగో, చూడండి’ అనగలిగేలా వాళ్ళను తయారుచేయండి.

ఏడో రోజు: పక్క షాపు యజమానిని పిలిచి మీ గోడ చూపించండి. ఏం లోపించిందో ఆయన చెబుతాడు, ఆయన గోడకు ఏం కావాలో మీరు చెప్పండి. ఇద్దరి గోడలూ సరిగ్గా ఉన్న వీధిలో మూడో వ్యాపారికి దాచుకోవడమే ఇబ్బంది అవుతుంది. బజారు మొత్తానికి మంచిపేరు అలాగే వస్తుంది, ఒక్కో షాపుగా. ఆ పని మీతో మొదలవ్వనివ్వండి.